మెలికల ముగ్గు – అపవర్తన గణితము

ఉన్నత పాఠశాలలలో గణితమునకు 'ప్రాజెక్టు' చేయుమని విద్యార్థులను నియోగించుట ఇప్పుడు పరిపాటి యైనది. రేఖాగణితపు ఆకృతి నొకదానిని తెమ్మన్నచో పిల్లలు సాధారణముగా అట్టపై వృత్తములను, చతురస్రములను దిద్ది, రంగులు పూసి తెత్తురు. లేపాక్షికి దగ్గరి గ్రామములవారైనచో వీరభద్రాలయపు లతామండప స్తంభములపైనున్న అల్లికలను గళ్ళ కాగితముపై ఎత్తి వ్రాసికొందురు. (ఆ క్షేత్రము 2022 నుండి శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినను, అనంతపుర మండలపు శిల్పముగనే జనులు దానిని తలంతురు.) చూచుటకు ఇవి రమ్యములే. కాని ఎత్తివ్రాతలో ప్రశ్న యుండదు. ప్రశ్న లేనిచోట గణితమును ఉండదు. ప్రశ్న గల ఆకృతి ఆ పిల్లల వాకిటనే యున్నది. అది మెలికల ముగ్గు.

ఈ సీమలో ఏటి వర్షము సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. కరవుటేడులలో కడవెడు నీటికై నడువవలసిన గ్రామములలో కళ్ళాపి నీరును లెక్కతోడిదే. ముగ్గు తప్పినచో తుడిచి, మరల నీరు చల్లి, మరల చుక్కలు పెట్టుట అక్కడ సుకరము కాదు. కావున చుక్కలు పెట్టకముందే 'ఈ చుక్కలను ఒకే తీగ చుట్టివచ్చునా, లేక పలు తీగలు కావలయునా?' అని తెలిసికొనుట వట్టి వినోదము కాదు.

లక్షణ మిట్టిది. చుక్కలను సరిచుక్కలుగా, నిలువు వరుసలు, అడ్డు వరుసలు సమానమైన ఎడముతో ఉండునట్లు పెట్టవలయును. తీగ ఏటవాలుగా సాగుచు, ప్రక్కప్రక్కనున్న ప్రతి రెండు చుక్కల నడిమి బిందువు గుండ పోవును; అంచునకు వచ్చినప్పుడు వెలుపలి చుక్కను చుట్టి లోనికి మరలును. అంచున ప్రతి చుక్క కెదురుగా ఒక్కొక్క మలుపు ఉండును గనుక 3 వరుసలు, వరుసకు 4 చుక్కలు గల ముగ్గునకు మలుపులు 3+4 రెట్టింపు, అనగా 14.

ఒక చుక్క ఎడము అడ్డముగా జరిగినప్పుడు తీగ ఒక చుక్క ఎడము నిలువుగను జరుగును. ముగ్గు వెడల్పును పోయి వచ్చుటకు 8 ఎడములు, ఎత్తును పోయి వచ్చుటకు 6 ఎడములు పట్టును. బయలుదేరిన చోటికి, బయలుదేరిన దిశలోనే రావలెనన్నచో రెండు రాకపోకలును ఒకేసారి పూర్తి కావలయును. 8, 6 సంఖ్యల కనిష్ఠ సామాన్య గుణిజము 24. అంతలో వెడల్పున 3 రాకపోకలు, ఎత్తున 4 రాకపోకలు జరుగును. ఒక్కొక్క రాకపోకకు రెండేసి మలుపులు, మొత్తము 14. ఉన్న మలుపులన్నియు ఒకే తీగకు చెల్లినవి. కావున 3×4 ముగ్గు ఏకతంతువు.

4×6 ముగ్గును చూచినచో మలుపులు 20. రాకపోకలు 8, 12. కనిష్ఠ సామాన్య గుణిజము 24. ఒక తీగకు 6+4, అనగా 10 మలుపులే చెల్లును. కావున తీగలు రెండు. 4×4 ముగ్గున మలుపులు 16, తీగకు 4. కావున తీగలు నాలుగు. ఈ విధముగా తరచి చూచినచో, వరుసల సంఖ్యకును వరుసలోని చుక్కల సంఖ్యకును గల గరిష్ఠ సామాన్య భాజకమెంతయో తీగలన్నియే యని సిద్ధించును. 5×7 ముగ్గును చేయెత్తక గీయవచ్చును. 6×9 ముగ్గునకు మూడు తీగలు తప్పవు.

ఆ భాజకమునే సంస్కృత గణితకారులు అపవర్తనమని వ్యవహరించిరి. దానిని కనుగొను పరస్పర భాగహారమే క్రీ.శ. 499 నాటి ఆర్యభటీయములో, గణితపాదపు చివర చెప్పబడిన కుట్టకమునకు ఆధారము. కనిష్ఠ సామాన్య గుణిజమును మహావీరాచార్యుడు 9వ శతాబ్దిలో గణితసారసంగ్రహమునందు నిరుద్ధమను పేర నిర్వచించెను. ఆ గ్రంథమును పావులూరి మల్లన తెలుగు చేసెను. ఇంతమాత్రమున ముగ్గు వేయు స్త్రీలు ఆర్యభటీయము చదివిరనిగాని, ఆర్యభటుడు ముగ్గును చూచి సూత్రము కట్టెననిగాని చెప్పుట సాహసము. అట్టి మాటలు సభలలో చప్పట్లకు పనికివచ్చునేమో గాని శాస్త్రమునకు పనికిరావు. ఆఫ్రికాలో అంగోలా దేశపు చోక్వే జనులు ఇసుకపై వ్రేలితో గీయు 'సోనా' చిత్రములలోను ఈ నియమమే కనబడుచున్నది. మొజాంబిక్ గణితజ్ఞుడు పౌలుస్ గెర్డెస్ దానిని విపులముగా పరిశీలించెను. మద్రాసులో గిఫ్ట్ సిరోమణి ప్రభృతులు 1974లోనే తమిళ కోలములను వ్యాకరణరీతిని విశ్లేషించిరి. చుక్కలును తీగయు ఉన్నచోటనెల్ల ఈ న్యాయము తానై వెలయును.

చుక్కల వరుసలు వంకరపోక నిలుచుటకు మాత్రము శుల్బకారుల ఉపాయము మేలు. తెలుగుదేశపు వైదికులలో పలువురకు సూత్రకారుడైన ఆపస్తంబుడు 36 పదముల ప్రాచీరేఖ గల మహావేదికి, 36 పదముల త్రాటికి మరి 18 పదములు చేర్చి, 15వ పదమున గుర్తు పెట్టి లాగుమనెను. మిగిలినది 39, 15, 36, 39 భుజములతో లంబకోణ మేర్పడును. వాకిటికి దీనిలో మూడవవంతు చాలును. 18 జానల త్రాడు తీసికొని ఒక కొననుండి 5 జానల చోట ముడి వేయవలయును. కొనలను 12 జానల దూరముననున్న రెండు మేకులకు కట్టి, ముడిని పట్టి త్రాడు బిగియునట్లు లాగినచో, ముడికి దగ్గరి మేకు వద్ద లంబకోణము వచ్చును. అట్ట మీద చేయువారు జానలకు మారుగా సెంటీమీటర్లు గ్రహింపవచ్చును.

ప్రాజెక్టు ఇక్కడ ముగియనక్కరలేదు. రెండు వేరు తీగలు ఖండించుకొను చోట ఆ కూడలిని విడదీసి, కొనలను మార్చి కలిపినచో రెండును ఒకటగును. ఒక్కొక్క మార్పు తీగల సంఖ్యను ఒకటికంటె ఎక్కువగా తగ్గింపజాలదు. కావున 4×4 ముగ్గును ఏకతంతువుగా చేయుటకు మూడు మార్పులు చాలును. రెండింటితో ఎవరికిని సాధ్యము కాదు. అయితే ఏ కూడలులను ఎన్నుకొనుటయో అది విద్యార్థి యిచ్ఛ. ఒకే తీగ తనను తాను ఖండించుకొను చోట మార్చినచో తీగ రెండుగా చీలిపోవుటయు కలదు గనుక పరీక్షించి చేయవలయును. ఆ మూడు కూడలులు ముగ్గు నడిమికి ఇరుప్రక్కల సమముగా కుదిరినచో ఆకృతికి అందము హెచ్చును.

పైన చెప్పిన లెక్క అంచులు సూటిగా నున్న సరిచుక్కల ముగ్గులకే వర్తించును. సందుచుక్కలు పెట్టి, వరుసవరుసకు చుక్కలు తగ్గించుకొనుచు పోవు ముగ్గులకు అంచు మెట్లుమెట్లుగా నుండును. అక్కడ మలుపులను వేరుగా లెక్కింపవలయును.