గుత్తికి వేలాడే చిన్న దీపం

క్రిస్మస్ పండుగ. మెదక్ చర్చి ముందర ఇసుక వేస్తే రాలనంత జనం. 1924 డిసెంబరు 25న ఈ చర్చిని ప్రారంభించారు. పండుగకు ఊరూరి నుంచీ వస్తారు. దారి పొడవునా దుకాణాలే. గాజులు, రిబ్బన్లు, బుగ్గలు, బొమ్మలు.

ఒక తోపుడు బండి మీద రంగురంగుల గొలుసులు వేలాడుతున్నాయి. తాళంచెవులు తగిలించుకునే గొలుసులు. ఒక్కో గొలుసుకు బొటనవేలంత లైటు ఉంది.

బీడీలు చుట్టే ఒక అక్క బండి దగ్గర ఆగింది.

"గిదేంది? గింత చిన్నగున్నది. గిది ఎలుగుతదా?" అని అడిగింది.

బండి ఆయన లైటును వేలితో నొక్కాడు. తెల్లటి వెలుగు వచ్చింది.

"ఇండ్ల సెల్లు ఏడున్నది?"

"లోపల్నే ఉన్నదమ్మా. గుండీ అంత ఉంటది."

అక్కకు నచ్చింది. కొన్నది. తాళంచెవుల గుత్తికి తగిలించి నడుముకు చెక్కుకుంది.

ఆ రాత్రే అది పనికొచ్చింది. ఇల్లు చేరేసరికి వాడలో కరెంటు లేదు. లైటు నొక్కితే తాళం కప్ప కనబడింది. గడప పక్కన పడుకున్న కుక్క కూడా కనబడింది. తడుముకోకుండా లోపలికి పోయింది.

ఇంత చిన్న లైటు ఎందుకు నచ్చుతుంది?

ఇంట్లో పెద్ద టార్చిలైటు ఉంటుంది. కానీ అది అటక మీద ఉంటుంది. కరెంటు పోయినప్పుడు దాన్ని వెతకడానికే ఇంకో లైటు కావాలి!

ఫోనులో కూడా లైటు ఉంటుంది. కానీ చాలా ఇళ్లలో ఫోను కొడుకు చేతిలోనో, భర్త జేబులోనో ఉంటుంది. ఉన్నా ఒక్కోసారి చార్జింగు ఉండదు. వానలో బయటికి తీయాలంటే భయం.

తాళాల గుత్తి అలా కాదు. అది ఎప్పుడూ అక్క నడుముకే ఉంటుంది. గుత్తి ఉన్న చోట లైటు ఉంటుంది. ఒకరిని అడగక్కర్లేదు. అదీ దాని గొప్ప.

రాత్రి మరుగుదొడ్డికి పోవాలి. బియ్యం డబ్బాలో గ్లాసు వెతకాలి. మందు సీసా మీద రాసింది చదవాలి. బస్సులో సీటు కింద పడ్డ చిల్లర ఏరుకోవాలి. శివరాత్రికి ఏడుపాయల జాతరకు పోయి, రాత్రి గుడారంలో పడుకున్నప్పుడు చెప్పులు వెతుక్కోవాలి. ఇలాంటి పనులకు ఈ బుల్లి లైటు చాలు.

కానీ దీని వెలుగు రెండు మూడు అడుగుల దూరమే బాగా కనబడుతుంది. రాత్రిపూట పొలం గట్టు మీద నడవాలంటే ఇది సరిపోదు. పురుగు, పుట్ర కనబడవు. అక్కడికి పెద్ద లైటే తీసుకుపోవాలి.

పెద్ద సెల్లు లేకుండా ఎలా వెలుగుతుంది?

వెనకటి టార్చిలైటులో గాజు బల్బు ఉండేది. బల్బు లోపల సన్నని తీగ. కరెంటు పారితే ఆ తీగ ఎర్రగా కాలి వెలుగు ఇచ్చేది. కరెంటులో ఎక్కువ భాగం వేడికే పోయేది. కొంతే వెలుగుగా మారేది. అందుకే రెండు మూడు పెద్ద సెల్లులు కావలసి వచ్చేవి. లైటు పట్టుకుంటే చేతికి బరువు తెలిసేది.

ఇప్పటి చిన్న లైటులో తీగ లేదు. అందులో ఉన్నది ఎల్.ఇ.డి. బల్బు. చిన్న గింజలా ఉంటుంది. ఇది తక్కువ కరెంటుతోనే వెలుగుతుంది.

ఎర్ర రంగు, ఆకుపచ్చ రంగు ఎల్.ఇ.డి.లు ముందే ఉండేవి. తెల్ల వెలుగు రావాలంటే నీలి రంగు ఎల్.ఇ.డి. కావాలి. బాగా వెలిగే నీలి ఎల్.ఇ.డి. 1990 తర్వాత గానీ తయారు కాలేదు. అకసాకి, అమానో, నకమురా అనే ముగ్గురు శాస్త్రవేత్తలు దానికోసం జపానులో ఏళ్ల తరబడి పనిచేశారు. 2014లో ఆ ముగ్గురికీ నోబెల్ బహుమతి ఇచ్చారు. వాళ్ల పని ఫలితమే మెదక్ తోపుడు బండి మీద వేలాడుతోంది!

ఏ సెల్లు వేయాలి?

గడియారానికి వేసే పెన్సిల్ సెల్లు మనకు తెలుసు. కిరాణా కొట్టులో దొరుకుతుంది. గుత్తి లైటుకు అది పట్టదు. దీనికి బిళ్ల సెల్లు కావాలి. కొందరు వాచీ సెల్లు అంటారు, కొందరు గుండీ సెల్లు అంటారు. వాచీలు బాగుచేసే దుకాణంలో అడిగితే దొరుకుతుంది.

బిళ్ల సెల్లులు అన్నీ ఒకటి కావు. సెల్లు మీద సన్నని అక్షరాలు, అంకెలు ఉంటాయి. అంకెలు చదవడం వచ్చిన అక్కకు సెల్లు ఏదో గుర్తుపట్టడం కష్టం కాదు.

2032 అని ఉంటే అది ఇంచుమించు రూపాయి బిళ్లంత ఉంటుంది. ఆ అంకెలోనే దాని కొలత ఉంది. 20 అంటే అడ్డం 20 మిల్లీమీటర్లు. 32 అంటే మందం 3.2 మిల్లీమీటర్లు. 2016 అని ఉంటే? అడ్డం అంతే. మందం 1.6 మిల్లీమీటర్లు. అంటే సగమే. ఈ రెండింటి శక్తీ 3 వోల్టులు. వీటిలో లిథియం అనే లోహం ఉంటుంది.

44 అని ఉంటే అది చొక్కా గుండీ అంత ఉంటుంది. 41 అని ఉంటే శనగ గింజంత ఉంటుంది. వీటి శక్తి ఒక్కొక్కటి 1.5 వోల్టులు. తెల్ల బల్బు వెలగాలంటే సుమారు 3 వోల్టులు కావాలి. అందుకే ఇలాంటివి రెండో మూడో వేస్తారు. 2032 అయితే ఒకటి చాలు.

సెల్లు మార్చేటప్పుడు పాతది వెంట తీసుకుపోవాలి. లేదా అంకె కాగితం మీద రాసుకుపోవాలి. కొత్త సెల్లు ధర ముందే అడగాలి. ఒక్కోసారి సెల్లు ధర, కొత్త లైటు ధర దగ్గర దగ్గరగా ఉంటాయి. మూడు సెల్లుల లైటు అయితే మూడూ ఒకేసారి మార్చాలి. అక్షరాలున్న వెడల్పు వైపు ప్లస్ గుర్తు ఉంటుంది. పాతది ఎటు ఉందో చూసి కొత్తది అటే పెట్టాలి.

లైటును ఆపకుండా వెలిగిస్తే కొన్ని గంటల్లోనే వెలుగు తగ్గిపోతుంది. అవసరానికి నాలుగు క్షణాలు నొక్కి వదిలేస్తే నెలల తరబడి వస్తుంది.

కొన్ని గుత్తి లైట్లలో ఎర్రటి చుక్క పడే లేజరు కూడా ఉంటుంది. దాన్ని ఎవరి కంట్లోనూ వేయకూడదు. చూపు దెబ్బతింటుంది. అది పిల్లలు ఆడుకునే వస్తువు కాదు.

ఒక ప్రశ్న

వారం తర్వాత సంఘం మీటింగు జరిగింది. అక్క తన లైటును అందరికీ చూపించింది. ఒకరి చేతి నుంచి ఒకరి చేతికి పోయింది. అందరూ నొక్కి చూశారు. "నాకూ ఒకటి తే" అన్నవాళ్లే ఎక్కువ.

ఆశ కార్యకర్త చేతికి వచ్చింది. ఆమె లైటును నొక్కలేదు. వెనక్కి తిప్పి చూసింది. మూతను గోరుతో లాగింది. టక్కున ఊడింది. బిళ్ల సెల్లు ఒళ్లో పడింది.

"అక్కా, నీ మనుమనికి ఎన్ని నెలలు?"

"పద్నాలుగు."

"గుత్తి పట్టుకుంటడా?"

"గలగలమంటే చాలు, గుంజుకుంటడు. నోట్లె పెట్టుకుంటడు."

మీటింగులో మాటలు ఆగిపోయాయి.

బిళ్ల సెల్లు మింగితే ఏమవుతుంది?

పిల్లలు రూపాయి బిళ్ల మింగితే చాలాసార్లు దొడ్డికి పోయినప్పుడు వచ్చేస్తుంది. సెల్లు కూడా అలాగే వస్తుందిలే అనుకుంటారు. అలా అనుకోవడం చాలా ప్రమాదం.

2032 వంటి పెద్ద బిళ్ల పసిపిల్లల ఆహారనాళంలో ఇరుక్కుంటుంది. అంటే గొంతు నుంచి కడుపుకు పోయే గొట్టంలో. అక్కడ తడి ఉంటుంది. తడి తగలగానే సెల్లు నుంచి కరెంటు పారుతుంది. ఆ కరెంటు వల్ల అక్కడే ఘాటైన క్షారం పుడుతుంది. సున్నం నాలుకను పొక్కించినట్లు, అది లోపలి కండను కాలుస్తుంది. రెండు గంటల్లోనే గొట్టానికి పెద్ద పుండు పడవచ్చు. తూటు పడి ప్రాణం మీదికి రావచ్చు.

లైటు వెలగడం లేదు కాబట్టి సెల్లులో పస లేదనుకోవద్దు. బల్బుకు చాలని శక్తి కూడా కండను కాల్చగలదు.

చిన్న బిళ్లలు కూడా ఇరుక్కుంటే ప్రమాదమే. ముక్కులో, చెవిలో దూర్చుకున్నా అంతే.

పిల్ల మింగింది ఎవరూ చూడకపోవచ్చు. అప్పుడు ఎలా తెలుస్తుంది? పిల్ల చొల్లు కారుస్తుంది. తిండి వద్దంటుంది. దగ్గుతుంది, కక్కుతుంది, ఊరికే ఏడుస్తుంది. చూసినవాళ్లు జలుబు అనుకుంటారు. ఒక్కోసారి ఏ గుర్తూ కనబడదు. లైటు మూత ఊడి ఉండి, సెల్లు కనబడకపోతే అనుమానించాల్సిందే.

వెంటనే ఏం చేయాలి?

ఆలస్యం చేయొద్దు. 108కు ఫోను చేయాలి. లేదా ఏ బండి దొరికితే ఆ బండిలో ఆసుపత్రికి పోవాలి. మెదక్ నుంచి హైదరాబాదు సుమారు 100 కిలోమీటర్లు. బస్సులో పోతే దారిలోనే రెండు గంటలు దాటిపోతాయి. అందుకే ముందు దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రికి పోవాలి. ఎక్స్‌రే తీస్తే సెల్లు ఎక్కడుందో తెలుస్తుంది. పెద్దాసుపత్రికి పోవాల్సి వస్తే డాక్టరే పంపిస్తారు.

"బిళ్ల మింగింది" అని చెబితే డబ్బు బిళ్ల అనుకుంటారు. "బ్యాటరీ సెల్లు మింగింది" అని గట్టిగా చెప్పాలి. లైటును, దాని అట్టను వెంట తీసుకుపోవాలి. సెల్లు మీది అంకె తెలిస్తే చెప్పాలి.

వాంతి చేయించొద్దు. గొంతులో వేలు పెట్టొద్దు. "అరటిపండు తింటే కిందికి దిగుతది" అంటారు. వినొద్దు. అన్నం, పండు, పాలు ఏమీ పెట్టొద్దు. చెవిలో, ముక్కులో పోతే నూనె గానీ మందు చుక్కలు గానీ వేయొద్దు.

ఒక్క తేనె మాత్రం ఇవ్వొచ్చు. పిల్లకు ఏడాది నిండి ఉండాలి. మింగగలిగే స్థితిలో ఉండాలి. మింగి 12 గంటలు దాటి ఉండకూడదు. తేనె ఇంట్లో ఉంటే దారిలో రెండు చిన్న చెంచాలు నాకించాలి. పది నిమిషాలకు ఒకసారి ఇవ్వాలి. ఆరుసార్లకు మించొద్దు. తేనె పుండు పడడాన్ని కొంత నెమ్మది చేస్తుంది. సెల్లును మాత్రం బయటికి తీయదు. తేనె కోసం వెతుకుతూ ఆగొద్దు. ఏడాది నిండని పిల్లకు తేనె అసలే ఇవ్వొద్దు.

అయితే లైటు పారేయాలా?

మీటింగులో అక్క అదే అడిగింది. "గిట్లయితే నేను దీన్ని మోరీల పడేయాల్నా?"

"పడేయొద్దు అక్కా. స్క్రూ ఉన్నది చూసి కొనుక్కో" అన్నది ఆశ కార్యకర్త.

మూతకు చిన్న స్క్రూ ఉన్న లైటు మంచిది. గోరుతో మూత రాదు. కొనేటప్పుడే వెనక్కి తిప్పి చూడాలి. మన దేశంలో పిల్లల బొమ్మలకు 2021 జనవరి 1 నుంచి ఐ.ఎస్.ఐ. గుర్తు తప్పనిసరి చేశారు. బొమ్మలు కొన్నప్పుడు ఆ గుర్తు కూడా చూడాలి.

పాత సెల్లును కిటికీలో పెట్టొద్దు. రెండు వైపులా టేపు చుట్టి, పిల్లలకు అందని డబ్బాలో వేయాలి. సెల్లులు బాగుచేసే దుకాణం వాళ్లు, పాత సామాను తీసుకునేవాళ్లు తీసుకుంటారేమో అడగాలి. పొయ్యిలో మాత్రం వేయొద్దు. పేలుతుంది.

ఆ సాయంత్రం అక్క వాచీల దుకాణానికి పోయింది. స్క్రూ ఉన్న లైటు అడిగి కొన్నది. మూత ఊడిన దాని సెల్లు తీసి, టేపు చుట్టి ఎత్తుగా పెట్టింది. తలుపు పక్కన తన తల కంటే ఎత్తులో ఒక మేకు కొట్టించింది. ఇంట్లో ఉన్నంతసేపు గుత్తి ఆ మేకుకే ఉంటుంది. బయటికి పోయేటప్పుడు నడుముకు ఎక్కుతుంది.

మనుమడు కింద నుంచి చేతులు చాపుతాడు. అక్క లైటు నొక్కి గోడ మీద వెలుగు చూపిస్తుంది. వాడు ఆ వెలుగును పట్టుకోబోతాడు. గుత్తి మాత్రం అక్క చేతిలోనే ఉంటుంది.

మాట్లాడుకోండి

1. మీ ఇంట్లో బిళ్ల సెల్లు ఉన్న వస్తువులు ఏవి? వాచీ, బొమ్మ, రిమోటు, లైటు – అన్నీ తిప్పి చూడండి. మూత గోరుతో ఊడుతుందా?

2. మీ లైటు సెల్లు మీద ఏ అంకె ఉంది? చదివి, కాగితం మీద రాయండి.

3. పిల్ల సెల్లు మింగితే చేయకూడని మూడు పనులు ఏవి? పక్కింటి వాళ్లకు చెప్పండి.