దుఃఖానికి ఒక రూపం

శరీరానికి వచ్చే జబ్బులను గురించి మాట్లాడుకున్నంత సులభంగా మనసుకు తగిలిన దెబ్బలను గురించి మన ఇళ్లలో మాట్లాడుకోము. జ్వరం వస్తే ఇంటిల్లిపాదీ మంచం చుట్టూ చేరుతారు. బిడ్డను పోగొట్టుకున్న తల్లికి మాత్రం కర్మకాండ ముగిసిన కొద్దిరోజులకే ‘ఇక గుండె దిటవు చేసుకో’ అన్న సలహా లభిస్తుంది. ఆమె ఏడవడం మానేస్తే కోలుకున్నదని అందరూ తృప్తిపడతారు. ఈ తృప్తిని ఆయుర్వేదం అంగీకరించదు.

చరక సంహిత సూత్రస్థానంలోని 7వ అధ్యాయం శరీర వేగాలకు సంబంధించినది. మలమూత్రాలు, తుమ్ము, ఆవలింత, ఆకలి, దప్పిక, నిద్ర మొదలైన 13 సహజ వేగాలను అణచరాదని అందులో ఉంది. ఆ 13లో కన్నీరు కూడా ఒకటి. కన్నీటిని ఆపుకొనడం వల్ల పడిశం, నేత్రరోగాలు, హృద్రోగం, అరుచి, తల తిరుగుడు కలుగుతాయని, నిద్ర, మద్యం, ప్రీతికరమైన కథలు వాటికి ఉపశమనమని చరకుడు పేర్కొన్నాడు. (వీటిలో మద్యాన్ని నేటి గృహస్థులకు మేము సూచించము. తక్కిన రెండూ చాలు.)

విశేషమేమంటే, నిగ్రహించుకోవలసిన మానసిక వేగాలు కూడా అదే అధ్యాయంలో చెప్పబడ్డాయి. లోభం, భయం, క్రోధం, ఈర్ష్యలతోపాటు శోకం వాటిలో చేరింది. కన్నీటిని ఆపరాదట, శోకవేగాన్ని మాత్రం పట్టి నిలపాలట! పైకి ఇది విరుద్ధంగా తోస్తుంది. మా అవగాహనలో, కన్నీరు బయటికి పోవలసినదే. అయితే శోకం మనిషిని తన వెంట ఈడ్చుకొని పోకుండా దానికొక కట్ట ఉండాలి. ఆ కట్ట దేనితో కట్టాలన్నదే ప్రశ్న. చిత్రకళను చరకుడు చికిత్సగా చెప్పలేదు. కాని ఈ రెండు నియమాలూ ఒకే జీవితంలో ఎలా సాధ్యపడతాయో ఒక జర్మన్ తల్లి చరిత్ర వల్ల మనకు తెలుస్తుంది.

కేటె కోల్విట్స్ (1867-1945) సుప్రసిద్ధ చిత్రకారిణి. బెర్లిన్‌లో పేదలకు వైద్యం చేసే డాక్టర్ కార్ల్ ఆమె భర్త. 1914లో మొదటి ప్రపంచయుద్ధం ఆరంభం కాగానే 18 ఏళ్ల చిన్నకొడుకు పీటర్ సైన్యంలో చేరతానన్నాడు. అందుకు తండ్రి సమ్మతి కావాలి. కార్ల్ ససేమిరా అన్నాడు. కొడుకు పక్షాన నిలిచి భర్తను ఒప్పించినది కేటె. ఆ అక్టోబరులోనే పీటర్ బెల్జియంలో హతుడైనాడు. ఆ తల్లి దుఃఖంలో ఎడబాటుకు తోడు మరేమి ఉండి ఉంటుందో వేరే చెప్పనక్కరలేదు.

డిసెంబరు నాటికే కొడుకుకొక స్మారకశిల్పం చేయాలని ఆమె సంకల్పించింది. పడుకొని ఉన్న పీటర్, తలవద్ద తండ్రి, పాదాల చెంత తల్లి అన్నది మొదటి ఊహ. ఏళ్ల తరబడి శ్రమించినా తృప్తి కలగక 1919లో ఆ పని నిలిపివేసింది. తరువాత ‘యుద్ధం’ పేరిట కొయ్యపలకలపై చెక్కి 7 చిత్రాలు అచ్చువేసింది. వాటిలో ఒకదానిలో తల్లి తన పసికందును రెండు చేతులా పైకెత్తి బలి అర్పిస్తూ ఉంటుంది. మరొకదానిలో తల్లిదండ్రులు ఒకరిపై ఒకరు ఒరిగిపోయి ఒకే నల్లని ముద్దగా కనిపిస్తారు.

మళ్లీ శిల్పాన్ని చేపట్టినపుడు కొడుకు రూపం తొలగిపోయి, మోకరిల్లిన తల్లిదండ్రులు మాత్రమే మిగిలారు. తండ్రి నిటారుగా, తన దేహాన్ని తానే చేతులతో బిగించుకొని ఉంటాడు. తల్లి ముందుకు వంగి తల వాల్చి ఉంటుంది. ఆమె నమూనాల ప్రకారం రాతిలో మలచిన ఆ విగ్రహాలను 1932లో పీటర్ సమాధి ఉన్న చోట ప్రతిష్ఠించారు. సమాధులను తరలించినందున నేడవి బెల్జియంలోనే వ్లాడ్‌స్లో శ్మశానవాటికలో ఉన్నాయి. అంటే దాదాపు 18 ఏళ్లు, కొడుకు బ్రతికినంత కాలం, ఆ శోకం ఆమె చేతుల్లో పనిగా సాగింది. 1942 నాటి ఆమె చిత్రంలో కూడా ఒక తల్లి ఉంది. ఈ తల్లి ముగ్గురు పిల్లలను తన చేతుల కింద కప్పుకొని ఎవరికీ ఇవ్వనన్నట్లు చూస్తుంది. అదే ఏడాది, పీటర్ అన్న పేరే పెట్టుకున్న మనుమడు కూడా యుద్ధంలో మరణించాడు.

‘ఆర్ట్ థెరపీ’ అన్న మాటను 1942లో ఇంగ్లండుకు చెందిన ఏడ్రియన్ హిల్ వాడుకలోకి తెచ్చాడు. క్షయరోగంతో శానటోరియంలో ఉన్నపుడు బొమ్మలు వేసుకొని దాని మేలును గ్రహించిన చిత్రకారుడతడు. 2016లో అమెరికాలోని డ్రెక్సెల్ విశ్వవిద్యాలయం వారు 39 మంది పెద్దలచేత 45 నిమిషాలు బొమ్మలు చేయించి లాలాజలాన్ని పరీక్షించగా, సుమారు 75 శాతం మందిలో ఒత్తిడికి సూచకమైన కార్టిసాల్ తగ్గింది. పూర్వానుభవం ఉన్నా లేకున్నా ఫలితం ఒకటే. అయితే వారంతా ఆరోగ్యవంతులు. కాబట్టి దీర్ఘశోకానికి దీనిని రుజువుగా తీసుకోరాదు.

ఇంట్లో ఆచరించదలచినవారికి మందపాటి డ్రాయింగు కాగితం, బొగ్గు లేదా రంగుసుద్దలు చాలు. రోజూ ఒకే వేళకు, పగటిపూట, అరగంట కూర్చోవాలి. జరిగిన ఘటనను మొదటిరోజే గీయబోవద్దు. గుండెమీది బరువు, గొంతులో అడ్డుపడినది ఏ ఆకారంలో, ఏ రంగులో ఉన్నట్లు తోస్తే దానినే గీయండి. కన్నీరు వస్తే రానివ్వండి. వెనుక తేదీ వేసి దాచుకోండి. ఇంట్లోవారు ‘ఇదేం బొమ్మ?’ అని అడగకూడదు, మెచ్చుకోనూ కూడదు. మన స్త్రీలకు ముగ్గుల వల్ల చేయి తిరిగే ఉంటుంది. కాని మైల రోజుల్లో వాకిట ముగ్గు వేయరు. చేతికి పని మిక్కిలి అవసరమైన ఆ రోజుల్లోనే చేయి ఊరక ఉండవలసి వస్తుంది. కాగితానికి అటువంటి నిషేధమేదీ లేదు.

గీసినకొద్దీ కలత పెరుగుతుంటే ఆపివేయాలి. వారాల తరబడి నిద్రాహారాలు లేకున్నా, చనిపోవాలన్న తలంపులు వస్తున్నా, ఏ గృహచికిత్సతోనూ కాలయాపన చేయక మానసిక వైద్యుని సంప్రదించాలి. 2022లో కేంద్రప్రభుత్వం ఆరంభించిన ‘టెలి మానస్’కు 14416 నంబరుకు ఫోను చేసినా సలహా లభిస్తుంది. వైద్యుని వద్దకు వెళ్లేటపుడు తేదీలు వేసిన ఆ బొమ్మలను కూడా వెంట తీసుకొని వెళ్లండి. నోటితో చెప్పలేని విషయాలను చూపడానికి అవి ఉపకరిస్తాయి.