పాత యంత్రానికి పాత ఊపిరి

ఉప్పల్ కూడలి దాటి వరంగల్ రహదారి వెంట పీర్జాదిగూడ వైపు సాగేవారికి, రోడ్డు వారగా మోటారు సైకిళ్ళను బాగుచేసే రేకుల షెడ్లు కనిపిస్తాయి. విప్పిన కార్బొరేటర్‌ను పెట్రోలు గిన్నెలో ముంచి కడగడం, సూదిమొనంత రంధ్రంలోకి గాలి కొట్టి దానిని వెలుగుకు ఎదురుగా పెట్టి చూడడం అక్కడ ఒకప్పుడు నిత్యకృత్యం. ఆ దృశ్యం క్రమంగా అరుదవుతున్నది. 2020 ఏప్రిల్ 1న భారత్ స్టేజ్-6 కాలుష్య ప్రమాణాలు అమలులోకి వచ్చిన తరువాత కొత్త ద్విచక్ర వాహనాలలో చాలావరకు కార్బొరేటర్ తొలగిపోయి, దాని స్థానంలో ఫ్యూయల్ ఇంజెక్షన్ పద్ధతి వచ్చింది. కార్లలో ఈ మార్పు అంతకు చాలా ముందే జరిగింది.

లోకమంతా ఇలా ఒక దిక్కుకు నడుస్తుండగా, దానికి ఎదురు నడిచేవారు కొందరున్నారు. జర్మనీలో తయారైన పోర్షే 911 అనే స్పోర్ట్స్ కారు పాత నమూనాలను భద్రపరచుకొన్నవారిలో కొందరు, తయారీదారులే అమర్చిన ఇంజెక్షన్‌ను తీసివేసి, కోరి కార్బొరేటర్లను పెట్టించుకొంటారు. ఇది వెనుకడుగా, వివేకమా? ఈ ప్రశ్నకు సమాధానం కావాలంటే ముందుగా ఇంజను ఊపిరి తీసే తీరు తెలియాలి.

పెట్రోలు తనంతట తాను ఇంజనును నడపలేదు. ఒక పాలు పెట్రోలు పూర్తిగా మండడానికి బరువులో సుమారు 14.7 పాళ్ళ గాలి అవసరం. మందుకు అనుపానం ఎంతో, పెట్రోలుకు గాలి అంత. ఈ పాళ్ళను కుదిర్చే సాధనాలలో కార్బొరేటర్ పాతది. గాలి పోయే గొట్టాన్ని నడుమ ఇరుకుగా చేస్తే అక్కడ గాలి వేగం పెరిగి, పీడనం తగ్గుతుంది. ఆ లోటు ప్రక్కనున్న చిన్న తొట్టిలోని పెట్రోలును జెట్ అనే సన్నని రంధ్రం గుండా పైకి లాగి, తుంపరగా మార్చి, గాలిలో కలుపుతుంది. దోమలమందు కొట్టే పాత ఫ్లిట్ పంపును చూసినవారికి ఈ సూత్రం సులభంగా బోధపడుతుంది. ఇంజెక్షన్ పద్ధతిలో గాలి పెట్రోలును లాగదు. పంపు పెట్రోలును అధిక పీడనంతో నెట్టి చిమ్ముతుంది.

1963లో ఫ్రాంక్‌ఫర్ట్ ప్రదర్శనలో తొలిసారి కనిపించిన 911 కారుకు ఇంజను వెనుక భాగంలో ఉంటుంది. ప్రక్కకు మూడేసి చొప్పున ఎదురెదురుగా పడుకొన్న ఆరు సిలిండర్లు దాని ప్రత్యేకత. మన కార్లలో వలె దానికి నీటి రేడియేటర్ లేదు. పెద్ద ఫ్యాను విసిరే గాలి, లోపల తిరిగే ఆయిలు - ఇవే దానిని చల్లబరుస్తాయి. 1998 వరకు 911 ఇలాగే తయారైంది. తొలినాళ్ళలో దీనికీ కార్బొరేటర్లే ఉండేవి. 1969 నమూనాలలో కొన్నింటికి యాంత్రిక ఇంజెక్షన్ వచ్చింది. తరువాత 1973 నుంచి బాష్ సంస్థవారి కె-జెట్రానిక్ పద్ధతి ప్రవేశించి, 1983 వరకు చాలా నమూనాలలో కొనసాగింది.

ఈ కె-జెట్రానిక్ నిజానికి ముచ్చటైన యంత్రం. దాని పేరులోని మొదటి అక్షరం 'నిరంతరం' అనే అర్థమిచ్చే జర్మన్ మాటకు సంక్షేపం. లోపలికి వచ్చే గాలి ఒక గుండ్రని పలకను పైకి లేపుతుంది. పలక ఎంత లేస్తే దానికి అనుసంధానమైన కడ్డీ అంతగా లేచి, వెంట్రుకలంత సన్నని చీలికల గుండా పెట్రోలును వదులుతుంది. ఆ పెట్రోలు ఆరు సిలిండర్లకూ ధారగా చేరుతుంది. కంప్యూటర్ ప్రమేయం లేకుండా ఇంత లెక్క చేయగలగడం సామాన్యం కాదు.

మరి దీనిని ఎందుకు తీసివేస్తారు? యాభై ఏళ్ళ వయస్సు వచ్చిన ఏ సున్నితమైన వస్తువుకైనా వచ్చే ఇబ్బందులే దీనికీ వస్తాయి. కారు నెలల తరబడి కదలకుండా ఉంటే ఆ సన్నని చీలికలలో పాత పెట్రోలు గడ్డకడుతుంది. రబ్బరు గొట్టాలు పగిలి దొంగగాలి చొరబడితే, పలక కొలిచిన లెక్క తప్పుతుంది. చల్లని ఇంజనును స్టార్టు చేసేటప్పుడు మంట వెనక్కి తన్నితే, ప్లాస్టిక్ గాలిపెట్టె పగలడం ఈ కార్లకు ప్రసిద్ధమైన లోపం. వీటిని బాగుచేయగల పనివారు ఎక్కడోగాని దొరకరు. కార్బొరేటర్ అలా కాదు. దాని ఆకారం వేరైనా, ధర్మం మన రోడ్డు ప్రక్క మెకానిక్కుకు చేతి వ్రేళ్ళకు తెలిసినదే. విప్పి, కడిగి, చెవితో విని సరిచేయవచ్చు. సమీపంలో బాగుచేసే చేయి లేని కచ్చితత్వంకంటే, బాగుచేసుకోగల సాదాతనం మేలని ఆ యజమానుల వాదం. ఆ వాదంలో బలముంది. అయితే గాలిపెట్టె పగలడమొక్కటే బాధ అయితే, దానికి పీడనాన్ని వదిలే చిన్న కవాటం అమర్చుకొంటే చాలు. ఇల్లు కురుస్తున్నదని ఇల్లే మార్చనక్కరలేదు.

మార్చదలచినవారు మొదట చూడవలసినది పెట్రోలు పంపు. కె-జెట్రానిక్ పంపు ఇచ్చే పీడనం సుమారు 5 బార్లు. కార్బొరేటర్‌కు కావలసినది పావు బారు మాత్రమే. దాదాపు ఇరవై రెట్ల తేడా! పాత పంపునే ఉంచితే కార్బొరేటర్ తొట్టిలోని చిన్న సూది ఆ ఒత్తిడిని ఆపలేదు. పెట్రోలు పొంగి వేడి ఇంజనుపై పడుతుంది. కారు తగలబడడానికి అంతకంటే మరేమీ అక్కరలేదు. అందుచేత పంపును మార్చడం, పీడన నియంత్రకాన్ని అమర్చడం తప్పనిసరి.

సాధారణంగా మూడు గొంతులున్న వెబర్ కార్బొరేటర్లను ప్రక్కకొకటి చొప్పున రెండింటిని బిగిస్తారు. అంటే ఒక్కొక్క సిలిండర్‌కు ఒక్కొక్క గొంతు. ఇలా చేయగానే ఇంజనుకు గుర్రపు శక్తి పెరిగిపోతుందని ఆశించేవారు నిరాశపడతారు. కవాటాలను తెరిచి మూసే క్యాం షాఫ్టును ఇంజెక్షన్ పలక కుదురుగా ఉండేందుకు వీలుగా మెత్తని తీరులో రూపొందించారు. ఆ షాఫ్టును మార్చనిదే కొత్త గొంతులు పూర్తిగా ప్రయోజనపడవు. దానిని మార్చడమంటే ఇంజనును విప్పడమే. అప్పుడు ఖర్చు లెక్క వేరు.

జెట్ల ఎంపిక మరింత కీలకం. రంధ్రం చిన్నదై పెట్రోలు తగ్గితే ఇంజను మితిమీరి వేడెక్కుతుంది. ఆ అదనపు వేడిని గుంజుకోవడానికి సిలిండర్ల చుట్టూ నీరు లేదు గనుక పిస్టన్లకే ముప్పు. హైదరాబాదు సముద్రమట్టానికి 500 మీటర్లకు పైన ఉన్నది. ఇక్కడ సరిపోయిన జెట్టుతో విశాఖపట్నం వెళితే, అక్కడి దట్టమైన గాలికి పెట్రోలు కొంచెం తక్కువవుతుంది. అక్కడి నుంచి అరకు కొండ ఎక్కితే ఎక్కువవుతుంది. కార్బొరేటర్‌కు ఊరు మారిన సంగతి తెలియదు. పైగా 2023 నుంచి దశలవారీగా వ్యాపించిన 20 శాతం ఇథనాల్ పెట్రోలుకు మునుపటికంటే కాస్త పెద్ద జెట్లు కావాలి. పాత రబ్బరు గొట్టాలు దానికి తట్టుకోలేవు. వేసవిలో బండి ఆపిన తరువాత తొట్టిలోని పెట్రోలు మరిగి, మళ్ళీ స్టార్టు కాకుండా మొరాయించడం మరొక చిక్కు.

ఇక ఆరు గొంతులూ సమానంగా గాలి పీల్చేటట్లు చేయాలి. గాలిని కొలిచే చిన్న పరికరాన్ని ఒక్కొక్క గొంతుపై ఉంచి, మరలను వీసమంత త్రిప్పుతూ సరిచూస్తారు. మెకానిక్కులు దీనిని ట్యూనింగ్ అంటారు. తంబురా తీగెలను శ్రుతి చేయడానికీ దీనికీ భేదం తక్కువ. ఒక తీగె తప్పితే కచేరీ అంతా చెడినట్లు, ఒక గొంతు తప్పితే ఇంజను వణకుతుంది.

ఇంతవరకు యజమాని లాభనష్టాలే చూశాము. మండని పెట్రోలు ఆవిరిని పీల్చవలసినవారు వెనుక నడిచేవారు. ఈ విషయంలో కార్బొరేటర్ తరఫున చెప్పగలిగినదేమీ లేదు. ఏడాదిలో కొన్ని ఆదివారాలు మాత్రమే బయటికి వచ్చే కారు గనుక ఓర్చుకోవచ్చునని మాత్రం అనవచ్చు.

చట్టాన్ని కూడా చూడాలి. తయారీదారుల వివరాలకు విరుద్ధంగా వాహనాన్ని మార్చడంపై 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ఆంక్షలు విధిస్తుంది. 2021 జూలైలో వచ్చిన కేంద్ర నియమాల ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్ళు దాటిన వ్యక్తిగత వాహనాలకు 'వి.ఎ.' అక్షరాలతో వింటేజ్ సంఖ్య ఇస్తారు. అయితే వాహనం మూలరూపంలో ఉండాలి; చాసీలోగాని, బాడీలోగాని, ఇంజనులోగాని గణనీయమైన మార్పు జరిగి ఉండరాదు. 1973 నాటి 911కు ఇప్పుడు ఆ వయస్సు వచ్చింది. కార్బొరేటర్ల మార్పు ఏపాటిదో తేల్చవలసినది అధికారులే కనుక, పని మొదలుపెట్టకముందే రవాణా కార్యాలయంలో విచారించడం మంచిది.

అందుకే తెలిసినవారు తీసిన ఇంజెక్షన్ భాగాలను పాతసామానుకు వేయరు. పెట్రోలును పూర్తిగా వంచివేసి, చీలికలున్న పెట్టెలోకి పలుచని ఆయిలు పోసి, రంధ్రాలన్నింటికీ బిరడాలు బిగిస్తారు. ఏ గొట్టం ఏ సిలిండర్‌దో చీటీ కట్టి, అన్నింటినీ ఒకే పెట్టెలో పెట్టి, కారుతోపాటే ఉంచుతారు.