ఆడినవాళ్లంతా ఆడించలేరు

ఒకప్పుడు పేరున్న క్లబ్బులకు ఆడిన ఫుట్‌బాల్ క్రీడాకారుడు మీ కాలనీ దగ్గరే కోచింగ్ మొదలుపెట్టాడనుకోండి. వెంటనే పిల్లల్ని చేర్పించాలనిపిస్తుంది. మంచి ఆలోచనే. కానీ ఫీజు కట్టేముందు ఒక్క ప్రశ్న అడగండి. ఆట మానేశాక ఆయన ఏం నేర్చుకున్నారు? మీ పిల్లల మోకాళ్లు, మడమలు క్షేమంగా ఉండటం చాలావరకు ఈ జవాబు మీదే ఆధారపడి ఉంటుంది.

సాగర్ రోడ్డు మీద తుర్కయాంజాల్ దాటి మన్నెగూడ, ఇబ్రహీంపట్నం వైపు వెళ్లేవారికి తెలుసు. నిన్నమొన్నటి వరకు చేలు, ఖాళీ జాగాలు ఉన్నచోట ఇప్పుడు వెంచర్లు, ఇళ్లు వచ్చాయి. బడి నుంచి రాగానే బ్యాగు పడేసి పరుగెత్తే జాగా తగ్గిపోయింది. అందుకే పిల్లల్ని డబ్బు కట్టి ఆటకు పంపే రోజులొచ్చాయి. పంపాల్సిందే. 5 నుంచి 17 ఏళ్ల పిల్లలు రోజుకు సగటున కనీసం గంటసేపు ఒళ్లు అలిసేలా ఆడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పరుగు, గెంతు, మలుపు అన్నీ ఉండే ఫుట్‌బాల్ ఇందుకు చక్కటి ఆట. పైగా పెద్ద ఖర్చు లేనిది.

అయితే ఇది పెరుగుతున్న ఒంటితో పని. అందుకే ఎవరు నేర్పుతున్నారన్నది ముఖ్యం.

ఆడటం ఒక విద్య, నేర్పడం మరో విద్య

మంచి ఆటగాడి తెలివి చాలావరకు ఒంట్లోనే ఉంటుంది. బంతిని ఎలా కొట్టాలని అడిగితే కొట్టి చూపిస్తాడు. ఎదుటి పిల్లవాడికి అది ఎందుకు కుదరడం లేదో చెప్పడం మాత్రం వేరే విద్య. అది నేర్చుకోకపోతే తనకు తెలిసిన ఒకే దారి పడతాడు. ‘మేం ఇలాగే ఆడాం’ అంటూ తాను పాతికేళ్ల వయసులో చేసిన కసరత్తులే పదేళ్ల పిల్లలతో చేయిస్తాడు. ప్రమాదం మొదలయ్యేది ఇక్కడే.

ఈ సంగతి తెలుసుకోవడానికి మనం దూరం పోనక్కర్లేదు. భారత ఫుట్‌బాల్‌కు స్వర్ణయుగం తెచ్చిన కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీమ్ మన హైదరాబాదీయే. ఉస్మానియాలో చదువుకునే రోజుల్లో ఫుట్‌బాల్ ఆడారు. తర్వాత బడిపంతులుగా పనిచేశారు. 1950 నుంచి హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు వరసగా ఐదేళ్లు రోవర్స్ కప్ గెలిచింది ఆయన శిక్షణలోనే. 1951 ఢిల్లీ, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో భారత్‌కు స్వర్ణం, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం వచ్చినప్పుడూ ఆయనే కోచ్. ఆటగాడిగా రహీమ్ దేశమంతా తెలిసిన తార కాదు. పిల్లలకు పాఠం చెప్పిన మాస్టారు. ఎదుటివారికి ఏది అర్థం కావడం లేదో కనిపెట్టడం మాస్టారు పని. ఆ అలవాటే ఆయన్ను గొప్ప కోచ్‌ను చేసింది.

పెద్ద ఆటగాళ్లు మంచి కోచ్‌లు కాలేరని కాదు. హైదరాబాద్‌లోనే పుట్టిన సయ్యద్ నయీముద్దీన్ 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన జట్టుకు కెప్టెన్. తర్వాత భారత జట్టుకే కోచ్ అయ్యారు. ఆటగాడిగా అర్జున, కోచ్‌గా ద్రోణాచార్య రెండూ అందుకున్నారు. ఫిట్‌నెస్, తిండి, క్రమశిక్షణ విషయంలో పట్టు వదలని మనిషని ఆయనకు పేరు. మరో హైదరాబాదీ షబ్బీర్ అలీ ఒకప్పుడు భారత జట్టు స్ట్రైకర్. ఆయన కోచ్‌గా ఉన్నప్పుడు గోవాకు చెందిన సాల్గావ్‌కర్ 1998-99 జాతీయ లీగ్ గెలిచింది. వీళ్లు ఆటలో సంపాదించిన పేరుతో సరిపెట్టుకోలేదు. రెండో విద్య కూడా నేర్చుకున్నారు.

బూట్లు విప్పేశాక...

ఆట ఆపేయడం ఒంటికీ మనసుకూ పెద్ద మార్పే. సికింద్రాబాద్ దగ్గరి అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరామ్ రెండు ఒలింపిక్స్ ఆడారు. ఊపిరితిత్తుల పొరకు వచ్చిన జబ్బు వల్ల 30 ఏళ్లు నిండకముందే ఆయన మైదానం వదలాల్సి వచ్చింది. చాలామందికి ఆట ఇలాగే, అనుకోకుండా ఆగిపోతుంది.

శిక్షణ ఆగినా ఆకలి వెంటనే తగ్గదు. దాంతో బరువు పెరుగుతుంది. మోకాలి లిగమెంటు, మెనిస్కస్ దెబ్బతిన్నవారికి కీళ్లు త్వరగా అరిగే ముప్పు ఎక్కువ. రోజంతా ఆటే లోకంగా బతికినవారిని ఒక్కసారిగా ఖాళీతనం ఆవరిస్తుంది. కోచింగ్ ఈ ఖాళీని చాలావరకు నింపుతుంది. కానీ ఈల పట్టుకుని గట్టున నిలబడటం వ్యాయామం కాదు. మీ ఇంట్లో కాలేజీ రోజుల్లో బాగా ఆడి మానేసినవారుంటే వారికీ ఇదే వర్తిస్తుంది. పాత వేగంతో ఒకేసారి మైదానంలోకి దూకొద్దు. కొన్ని వారాలు నడక, తొడ కండరాలను బలపరిచే వ్యాయామాలు చేశాకే మొదలుపెట్టాలి. 40 దాటినవారు, బీపీ, షుగర్ ఉన్నవారు ముందుగా డాక్టర్‌ను కలవాలి.

పిల్లలంటే చిన్న సైజు పెద్దవాళ్లు కాదు

ఎదిగే వయసులో ఎముకల చివర్లు ఇంకా గట్టిపడవు. ఎముక పొడవు పెరిగినంత వేగంగా కండరాలు సాగవు. ఈ దశలో పరుగులు, గెంతులు మితిమీరితే మోకాలిచిప్ప కింద బొడిపెలా వాచి నొప్పి పుడుతుంది. దీన్ని ఆస్‌గుడ్-ష్లాటర్ అంటారు. మడమ వెనక వచ్చే నొప్పి సీవర్స్. ఆట తగ్గించి, ఐసు పెట్టి, కండరాలను సాగదీసే వ్యాయామాలు చేయిస్తే రెండూ చాలావరకు సర్దుకుంటాయి. ‘ఓర్చుకుని ఆడు’ అనడమే తప్పు. కుంటుతున్నా, కీలు వాచినా, రాత్రిళ్లు నొప్పితో లేస్తున్నా, జ్వరం ఉన్నా ఎముకల డాక్టర్‌కు చూపించండి.

తల సంగతి మరీ ముఖ్యం. 1962 జకార్తా ఫైనల్‌లో జర్నైల్ సింగ్ తలకు కుట్లతోనే ఆడి గోల్ కొట్టారు. అప్పుడు దాన్ని తెగువగా చెప్పుకున్నారు. ఇప్పుడు తలకు దెబ్బ తగిలి మెదడు అదిరినట్టు అనుమానం వచ్చినా ఆ రోజు ఆట ఆపేయాల్సిందే. డాక్టర్ సరేనన్నాకే మళ్లీ మైదానంలోకి పంపాలి. పదేళ్లలోపు పిల్లలు బంతిని తలతో కొట్టడాన్ని అమెరికా ఫుట్‌బాల్ సమాఖ్య 2015లోనే ఆపేయించింది.

చేర్చేముందు ఇవి అడగండి

• కోచింగ్ లైసెన్స్ ఉందా? మన దేశంలో అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ‘డి’ లైసెన్స్ ఇస్తుంది. ఆపైన సి, బి, ఎ, ప్రో ఉంటాయి.

• వార్మప్ ఎలా చేయిస్తారు? ‘ఫిఫా 11 ప్లస్’ అనే 20 నిమిషాల వ్యాయామాలను నార్వేలో 13-17 ఏళ్ల ఆడపిల్లలతో చేయించి చూస్తే గాయాలు దాదాపు మూడోవంతు తగ్గాయి. చిన్నపిల్లలకు దీనిలోనే వేరే పద్ధతి ఉంది. నేర్చుకున్న కోచ్‌కు ఇది తెలిసే ఉంటుంది.

• వారానికి ఎన్ని గంటలు? పిల్లల వయసు ఎంతో, వారానికి అన్ని గంటలు దాటొద్దన్నది సులువైన లెక్క. పదేళ్లవారికి పది గంటలు చాలు. వారంలో ఒకట్రెండు రోజులు సెలవు ఉండాలి.

• ఎండాకాలంలో ఏ వేళల్లో ఆడిస్తారు? పిల్లలు అడగకముందే నీళ్లు తాగిస్తున్నారా? ప్రథమ చికిత్స పెట్టె, తెలిసిన మనిషి అక్కడ ఉన్నారా?

• నొప్పి అంటే ఏం చేస్తారు? తిట్టి ఆడిస్తారా, పక్కన కూర్చోబెట్టి మీకు ఫోన్ చేస్తారా? అన్నింటికన్నా ముఖ్యమైన ప్రశ్న ఇదే.

• తల్లిదండ్రులు ఎప్పుడైనా వచ్చి చూడొచ్చా? వద్దంటే అక్కడ చేర్చకండి.

మొదటి నెల మీరూ నాలుగైదుసార్లు వెళ్లి గట్టున కూర్చోండి. కోచ్ కళ్లు ఎటు చూస్తున్నాయో గమనించండి. బాగా ఆడే ఇద్దరి మీదే ఉన్నాయా, వెనకబడి రొప్పుతున్న పిల్లవాడిని కూడా చూస్తున్నాయా? గోడకు వేలాడే పతకాలు ఆయన ఎంత బాగా ఆడారో చెబుతాయి. మీ పిల్లల్ని ఎంత బాగా ఆడించగలరో చెప్పేది మాత్రం ఆ చూపే.