అతుకుల దగ్గరే అసలు పని

1980ల నాటి టొయోటా చిన్న పికప్‌లు అమెరికాలో ఇప్పటికీ తిరుగుతున్నాయి. ఛాసిస్ గట్టిది, తుప్పు పట్టకపోతే చాలు. అవే బండ్లు మిగతా ప్రపంచంలో హైలక్స్ పేరుతో డీజిల్‌లో కూడా దొరికేవి. అమెరికాలో మాత్రం టొయోటా ఆ దశాబ్దం మధ్యకల్లా డీజిల్ పికప్ అమ్మడం మానేసింది. అందుకే కొందరు పాత 22ఆర్-ఇ పెట్రోలు ఇంజన్ దించేసి, 1998–2003 మధ్య ఫోక్స్‌వ్యాగన్ కార్లలో వచ్చిన 1.9 లీటర్ల టీడీఐ డీజిల్ ఎక్కిస్తున్నారు. పాతది సుమారు 115 హార్స్‌పవర్, కొత్తది 90. ఉన్నది పోగొట్టుకోవడానికి ఇంత శ్రమెందుకని ఎవరికైనా అనిపిస్తుంది. కానీ బరువుతో ఎత్తు ఎక్కే బండికి కావలసింది తక్కువ వేగంలో తిప్పే బలం. పెట్రోలు ఇంజన్ నిమిషానికి 2800 చుట్ల దగ్గర సుమారు 190 న్యూటన్ మీటర్ల టార్క్ ఇస్తే, ఈ డీజిల్ 1900 చుట్ల దగ్గరే 210 ఇస్తుంది. అయితే ఇంజన్ బిగించినంత మాత్రాన ఆ బలం చక్రాలకు అందదు. మార్పిడి ఫలితాన్ని తేల్చేది ఇంజన్ కాదు, అది బండితో కలిసే అతుకులు.

గోల్ఫ్, జెట్టాల్లో ఈ ఇంజన్ అడ్డంగా కూర్చునేది. పికప్‌లో నిలువుగా కూర్చోవాలి. మౌంటింగులు కొత్తవి కావాలి. టొయోటా గేర్‌బాక్స్‌కు కలపడానికి అడాప్టర్ ప్లేటు కావాలి. అది క్రాంక్ షాఫ్ట్‌కు సరిగ్గా సూటిగా కూర్చోకపోతే క్లచ్, బేరింగులు ముందే పోతాయి. ఆ తర్వాత చూడాల్సింది క్రౌన్ పినియన్ నిష్పత్తి. 70 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న చక్రం, 4.10 క్రౌన్, 0.85 ఐదో గేరు ఉంటే గంటకు 100 కిలోమీటర్ల దగ్గర ఇంజన్ దాదాపు 2650 చుట్లు తిరుగుతుంది. 3.42 క్రౌన్ వేస్తే 2200కు దిగుతుంది, అంటే డీజిల్ హాయిగా లాగే చోటికి. పాత క్రౌన్‌నే ఉంచేసి మైలేజీ రాలేదనడం ఇంజన్‌కు అన్యాయం. బ్రేకుల సంగతి ఇంకా ముఖ్యం. పెట్రోలు ఇంజన్‌లో థ్రాటిల్ వెనుక ఏర్పడే వ్యాక్యూమ్‌తో బ్రేక్ బూస్టర్ పనిచేస్తుంది. డీజిల్‌లో గాలిని అలా బిగబట్టరు కాబట్టి, ఇంజన్‌కు ఉండే వ్యాక్యూమ్ పంపు నుంచి బూస్టర్‌కు పైపు వేయాలి. ఇది మరిస్తే బండి కదులుతుంది గానీ, ఆపడానికి పెడల్‌ను బలమంతా పెట్టి తొక్కాలి.

టీడీఐతో వచ్చే ఈ వైర్లూ సెన్సర్లూ ఎందుకు, పూర్తి మెకానికల్ పంపున్న పాత డీజిల్ వేసుకుంటే ఏ షెడ్డులోనైనా బాగవుతుంది కదా అనే వాదన ఒకటుంది. మారుమూల తిరిగే బండికి అది సబబే. కానీ తక్కువ చుట్లలో ఇంత బలం, తక్కువ పొగ వస్తున్నది టర్బో రెక్కల కోణాన్నీ, ఇంధనం చిమ్మే క్షణాన్నీ కంప్యూటర్ దిద్దుతూ ఉండటం వల్లే. యాక్సిలరేటర్ పెడల్ సైతం తీగతో కాక సెన్సర్‌తో పనిచేస్తుంది. చాలా కార్లలో కంప్యూటర్ తాళంచెవిని గుర్తుపట్టకపోతే ఇంజన్ అంటుకున్న క్షణంలోనే ఆగిపోతుంది. అందుకే కొనేటప్పుడు ఒట్టి ఇంజన్ కాక వైరింగు, పెడల్, కంప్యూటర్‌తో సహా మొత్తం కారు కొనడమే తెలివైన పని.

ఖర్చు లెక్క నిజాయితీగా వేయాలి. ఏడాదికి 12,000 కిలోమీటర్లు తిరిగే బండి మైలేజీ లీటరుకు 9 నుంచి 13కు పెరిగిందనుకుందాం. మిగిలేది సుమారు 400 లీటర్లు. అమెరికాలో డీజిల్ సాధారణంగా పెట్రోలు కన్నా ఖరీదు. వేల డాలర్ల ఖర్చు ఆ ఆదాతో తీరడానికి చాలా ఏళ్లు పడుతుంది. కాబట్టి బరువులు లాగే అవసరం ఉన్నవారికే ఇది తగినది. కాలుష్యం గురించిన అభ్యంతరం మరింత బరువైనది. ఈ ఇంజన్‌కు మసిని పట్టే ఫిల్టరు లేదు, నైట్రోజన్ ఆక్సైడ్లు కూడా ఎక్కువే. అందుకే కిక్కిరిసిన నగరంలో తిరిగే బండికి దీన్ని నేను సమర్థించను. ఇక చట్టం విషయానికొస్తే, అమెరికా పర్యావరణ సంస్థ విధానం ప్రకారం ఇంజన్ అమరిక బండి మోడల్ ఏడాదికి గానీ ఆ తర్వాతి ఏ ఏడాదికైనా గానీ ఆమోదం పొందినదై ఉండాలి. దాని కాలుష్య నియంత్రణ పరికరాలన్నీ వెంట రావాలి. మన దేశంలో దారి ఇంకా ఇరుకు. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చడాన్ని నిషేధిస్తోంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా దాన్నే గట్టిగా నిలబెట్టింది. ఇక్కడ ఇలాంటి పని తలపెట్టేవారు షెడ్డుకు వెళ్లే ముందే రవాణా కార్యాలయంలో ఏది అనుమతిస్తారో రాతపూర్వకంగా తెలుసుకోవాలి.