పొలమున పుట్టు ఇంధనము

ఇటీవల పెట్రోలు బంకులో వంతుకై నిలిచియుండగా నా పూర్వవిద్యార్థి యొకడు కలిసినాడు. పెట్రోలులో నూటికి 20 పాళ్లు ఇథనాల్ కలుపుచున్నారన్న మాట మా మధ్య వచ్చినది. "అయితే మాస్టారూ, ఇక మన బండ్లు కూడ సారా త్రాగునన్నమాట!" అని యతడు నవ్వినాడు. నేనును నవ్వితిని. కాని ఆ పరిహాసములో ఒక పెద్ద ప్రశ్న దాగియున్నది. మనుష్యుడు తినదగిన దానిని యంత్రము త్రాగవచ్చునా? త్రాగినచో ఎంతవరకు?

ఇప్పపూవును పులియబెట్టి తీయు సారాయందును, ఈ ఇంధనమునందును ఉన్న మూలద్రవ్య మొక్కటియే. ఈస్టు అను సూక్ష్మజీవి చక్కెరను తిని మద్యసారమును, బొగ్గుపులుసు వాయువును విడుచును. ఆ ద్రవమును బట్టీపట్టి, అందలి నీటిని పూర్తిగా తొలగించినచో ఇథనాల్ లభించును. చెఱకురసము, చక్కెర మిల్లులలో మిగులు మొలాసిస్, బియ్యపు నూకలు, మొక్కజొన్న దీనికి ముడిసరకులు. ధాన్యమైనచో అందలి పిండిపదార్థమును మొదట చక్కెరగా మార్చవలెను.

మన దేశమున 2003 జనవరిలో 9 రాష్ట్రములలో 5 శాతము మిశ్రమముతో ఈ ప్రయత్నము ఆరంభమైనది. 2022 నాటికి అది 10 శాతమునకు చేరినది. 2030కి నిర్ణయించిన 20 శాతమును 2025లోనే అందుకొనిరి. ఇంత త్వర యెందుకనగా, మనము వాడు ముడిచమురులో 80 శాతమునకు మించి పరదేశముల నుండి వచ్చుచున్నది. ఎక్కడనో యుద్ధము వచ్చిన, ఇక్కడ మన జేబు కాలును. ఆ ధనములో కొంత చెఱకు రైతునకు చేరుట మేలు కాదా? మిల్లులకు ఇథనాల్ సొమ్ము చేతికందుటవలన రైతుల బకాయిలు తీరుటకు వీలు కలిగినది.

గుణము లింకను కలవు. ఇంధనము తన వేళకు ముందే అంటుకొని ఇంజను టకటకలాడు దోషమును ఇథనాల్ నివారించును. తనయందే ప్రాణవాయువు కలది గనుక పొగగొట్టమునుండి వెలువడు విషవాయువైన కార్బన్ మోనాక్సైడును తగ్గించును. అది మండినపుడు వెలువడు బొగ్గుపులుసు వాయువు, పైరు పెరుగునపుడు గాలినుండి గ్రహించినదే. అయితే ట్రాక్టరు, ఎరువు, బట్టీ క్రింది మంట, వీనికి ఖర్చగు ఇంధనమును కూడ లెక్కలో వ్రాయవలెను.

ఇక దోషములు. లీటరు ఇథనాల్‌లో ఉన్న శక్తి, లీటరు పెట్రోలులోని శక్తిలో మూడింట రెండు వంతులు మాత్రమే. విద్యార్థులు ఈ లెక్క చేసి చూడవచ్చును. లీటరు మిశ్రమములో 200 మిల్లీలీటర్ల ఇథనాల్ కలదు. అది 133 మిల్లీలీటర్ల పెట్రోలుతో సమానము. అనగా లీటరుకు సుమారు 7 శాతము శక్తి తగ్గినది. పాత కార్లకు 6, 7 శాతము మైలేజీ తగ్గవచ్చునని నీతి ఆయోగ్ 2021 నివేదిక తెలిపినదియు దీనికి సరిపోవుచున్నది. ఇథనాల్ నీటిని పీల్చుకొనును. దానికై నిర్మింపని బండ్లలో రబ్బరు గొట్టములను చెఱచును. అయినను ఇవి యింజనీర్లు దిద్దగల లోపములు.

దిద్దరాని లోపము పొలములో ఉన్నది. చెఱకు నుండి లీటరు ఇథనాల్ తీయుటకు సుమారు 2,860 లీటర్ల నీరు కావలెనని అదే నివేదిక చెప్పినది. చక్కెర తక్కువగునన్న భయముతో 2023 డిసెంబరులో చెఱకురసమును ఇథనాల్‌కు వాడుటపై ప్రభుత్వము ఆంక్షలు విధించి, మరుసటి యేడు సడలించినది. మొక్కజొన్నను ఎగుమతి చేయు మన దేశము 2024లో దిగుమతి చేసికొనవలసి వచ్చినది. కోళ్లదాణాకు కావలసిన గింజ బట్టీకి పోయినచో గ్రుడ్డు ధర పెరుగక మానునా? ఆ 2024 నవంబరులోనే నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్ ప్రాంత గ్రామస్థులు తమకు ఇథనాల్ కర్మాగారము వలదని రహదారిపై బైఠాయించిరి. ప్రభుత్వము పనులు నిలిపివేసినది.

బ్రెజిలు దేశమును ఆదర్శముగా చూపుట కలదు. అక్కడ 1975లోనే ఈ పథకము ఆరంభమైనది. కాని అక్కడి చెఱకు అత్యధిక భాగము వర్షాధారము. మనది కాలువలనీరు, బోరునీరు త్రాగునది. అట్టి దేశములోను 1980ల చివర చక్కెరకు గిరాకి పెరుగగానే ఇథనాల్ కొఱవడి, దానితోనే నడచు కార్లవారు ఇక్కట్లపాలైరి. ఏ పాళ్లలోనైనను నడువగల కార్లు 2003లో వచ్చినపిదప గాని వారికి నిశ్చింత కలుగలేదు.

కావున ఇథనాల్ మంచిదా, చెడ్డదా యని అడుగుట కంటె, దేనినుండి తీసినదని అడుగుట యుక్తము. మొలాసిస్, పాడైన ధాన్యము, గడ్డి, వీనినుండి తీసినది వరము. 2022లో పానిపట్టులో వరిగడ్డినుండి ఇథనాల్ తీయు కర్మాగారము ఆరంభమైనది. ఖర్చు అధికమైనను అదియే సరియైన త్రోవ. తిండిగింజను, భూగర్భజలమును కరిగించి తీసినదో, తల్లికి కూడు పెట్టనివాడు పినతల్లికి చీర పెట్టినట్లుండును.

ఈసారి నా శిష్యుడు కనబడినచో ఇట్లు చెప్పెదను: "బండి త్రాగుటలో తప్పులేదు నాయనా! ఇంటివారి కంచములోనిది, కడవలోనిది తీసి దానికి పోయకున్న చాలును."