బోనీ కారు చక్రం తెలుసా?

'బోనీ అండ్ క్లైడ్' (1967) క్లైమాక్సులో తూటాలకు జల్లెడైపోయిన 1934 ఫోర్డ్ వి-8 గుర్తుందా? హీరోయిన్‌ని కాసేపు వదిలి ఆ చక్రాలు చూడండి. సైకిలుకున్నట్టే స్పోకులు! అలాంటిదొకటి పాత ఇనపసామాన్ల కొట్లో కనిపిస్తే, కాటాలో పడకముందే పోల్చుకోవడమెలా?

స్పోకుల చివర సైకిలు నిపుల్స్‌లాంటివుంటే ఈ ఫోర్డులది కాదు. వీటికి వెల్డింగే. నడుమ ఐదు బోల్టు రంధ్రాలు కూడా ఉన్నాయా? ఇక టేపు తియ్యండి! 1928-29 మోడల్-ఎ అయితే 21 అంగుళాలు, 1930-31ది 19, 1932ది 18, 1933-34ది 17. ఏళ్లు పెరిగేకొద్దీ చక్రం చిక్కిపోయిందన్నమాట!

కొలత మాత్రం టైరు కూర్చునే చోటే తీయాలి సుమా! బయటి అంచు కొలిచారో, 17 కాస్తా 18 దాటుతుంది. పాపం, బోనీ కారు 1932 మోడలైపోతుంది!